గొలుసు ఎక్కడ పట్టుకోవాలి? చిన్న ఓవల్ ట్రాకుల ల్యాప్ వేగాల పోలిక: ప్రాజెక్టు డైరీ

చిన్న ఓవల్ ట్రాకుల మీద స్టాక్ కార్ల (మామూలు కార్ల ఆకారంలో ఉండే రేసు కార్ల) ల్యాప్ వేగాలను, అంటే ఒక్కో చుట్టు వేగాలను, ఒకదానితో ఒకటి పోల్చాలనుకునేవారి కోసం ఈ డైరీ రాస్తున్నాను. చిన్న ఓవల్ అంటే ఇక్కడ నా లెక్క, చుట్టుకొలత మైలు లోపు ఉన్న ట్రాక్. నేను ఉండేది నార్త్ కరొలినాలో, షార్లెట్ దగ్గర. అమెరికాలో స్టాక్ కార్ల పోటీలు నడిపే నాస్‌కార్ సంస్థ జట్ల వర్క్‌షాపులు చాలావరకు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. శనివారం సాయంత్రం గంట ప్రయాణం చేస్తే ఏదో ఒక చిన్న ట్రాక్ మీద లేట్ మోడల్ కార్లు, అంటే స్థానిక పోటీల స్టాక్ కార్లు, తిరుగుతూ ఉంటాయి. వాటిలో ఒకదాన్ని నా కొలతలకు ఎంచుకున్నాను. దాని పేరు రాయను, ఎందుకంటే ఆ ట్రాక్ వారి అంకెల మీద నాకు వచ్చిన సందేహాలు వారి తప్పు కాదు. దీన్ని ఇకపై "మా ట్రాక్" అంటాను.

ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. ల్యాప్ వేగం అనేది ఎవరూ కొలిచిన అంకె కాదు. గడియారం కొలిచేది సమయాన్ని. ఆ సమయంతో ట్రాక్ పొడవును భాగించి వేగం రాస్తారు. పొడవు మాత్రం ఎప్పుడో, ఎవరో, ఏదో ఒక గీత వెంట కొలిచి ప్రకటించినది. ఈ సంగతి నాకు పూర్తిగా అర్థం కావడానికి పదిహేను గంటలు పట్టింది.

దశ 1: వేగాల పట్టిక, అది కూలిన తీరు

స్ప్రెడ్‌షీట్‌లో తొమ్మిది ట్రాకులకు తొమ్మిది వరుసలు వేశాను: బ్రిస్టల్, మార్టిన్స్‌విల్, రిచ్‌మండ్, నార్త్ విల్క్స్‌బొరో, అయోవా, బౌమన్ గ్రే, నాష్‌విల్ ఫెయిర్‌గ్రౌండ్స్, వించెస్టర్, మా ట్రాక్. ఒక్కో దానికి పొడవు, అత్యధిక క్వాలిఫైయింగ్ (రేసుకు ముందు స్థానాలు తేల్చే ల్యాప్) వేగం. వేగం ప్రకారం క్రమంలో పెట్టాను.

ఆ క్రమం దేన్నీ చెప్పలేదు. బ్రిస్టల్ పొడవు 0.533 మైలు, మార్టిన్స్‌విల్ పొడవు 0.526 మైలు. రెంటికీ తేడా 37 అడుగులే. కానీ బ్రిస్టల్‌లో 2016లో డెన్నీ హామ్లిన్ 14.573 సెకన్లలో ఒక చుట్టు పూర్తి చేశాడు, గంటకు 131.668 మైళ్లు. మార్టిన్స్‌విల్‌లో 2014లో జోయి లొగానో 18.898 సెకన్లు తీసుకున్నాడు, గంటకు 100.201 మైళ్లు. ఒకే పొడవున్న రెండు ట్రాకుల మధ్య ముప్పై ఒక్క మైళ్ల తేడా. ట్రాక్ పెద్దదైతే వేగం పెరుగుతుందన్న నా మొదటి ఊహ ఆ రెండు వరుసల దగ్గరే పోయింది.

దానికంటే పెద్ద లోపం ఇంకొకటి. ఆ పట్టికలో నేను పోలుస్తున్నది ట్రాకులను కాదు, కాలాలను. 2014లో కప్ (నాస్‌కార్ అగ్రశ్రేణి పోటీ) కార్ల ఇంజన్లు 850 అశ్వశక్తికి పైగా ఇచ్చేవి. 2015 నుంచి గాలిని తగ్గించే పలక బిగించి దాన్ని 725 దగ్గరికి దించారు. 2022లో కొత్త తరం కారు వచ్చింది: 18 అంగుళాల చక్రాలు, చక్రానికి ఒకే నట్టు, వెనక రెండు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, చిన్న ట్రాకుల మీద 670 అశ్వశక్తి. వీటన్నిటినీ ఒకే నిలువు వరుసలో పోస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

అందుకని వరుసలు తీసేశాను:

1. నాష్‌విల్ ఫెయిర్‌గ్రౌండ్స్, వించెస్టర్: ఇప్పటి కప్ కార్లు అక్కడ పోటీ పడటం లేదు. వేరే తరగతి కార్ల అంకెలు తెచ్చి పక్కన పెట్టడం అన్యాయం.
2. నార్త్ విల్క్స్‌బొరో: 2023లో కార్లు పాత తారు మీద తిరిగాయి, 2024లో కొత్తగా వేసిన తారు మీద. పేరు ఒకటే అయినా టైర్లకు అవి రెండు వేర్వేరు ట్రాకులు. పైగా అక్కడ ముందు వైపు తిన్నని దారి పల్లానికి, వెనక వైపుది మెరకకు పోతుంది.
3. బౌమన్ గ్రే: పావు మైలు, చదునైన మలుపులు, మధ్యలో ఫుట్‌బాల్ మైదానం. దీన్ని ఎందుకు పక్కన పెట్టానో దశ 2లో వస్తుంది.
4. మా ట్రాక్: వేరే కాగితం మీదికి మార్చాను.

మిగిలినవి నాలుగు. బ్రిస్టల్, మార్టిన్స్‌విల్ రికార్డులు వేర్వేరు ఏళ్లవే అయినా ఆ జంటను తీసేయలేదు. రెండూ 2022కు ముందటి ఆరో తరం కార్లవే. అశ్వశక్తి ఎక్కువ ఉన్న ఏడు మార్టిన్స్‌విల్‌కు, తక్కువ ఉన్న ఏడు బ్రిస్టల్‌కు పడ్డాయి. అయినా బ్రిస్టలే ముందుంది. పొరపాటు ఎటు మొగ్గుతుందో తెలిసినప్పుడు ఆ పోలిక పనికొస్తుంది. ఎటు మొగ్గుతుందో తెలియనప్పుడే దాన్ని పారేయాలి.

ఒక నియమం కూడా పెట్టుకున్నాను. కొత్త టైర్లతో, ఒంటరిగా తిరిగిన క్వాలిఫైయింగ్ ల్యాప్ మాత్రమే లెక్కలోకి వస్తుంది. రేసు ల్యాపులు వద్దు. 2024 మార్చిలో బ్రిస్టల్‌లో టైర్లు ఎంత త్వరగా అరిగిపోయాయంటే, డ్రైవర్లు కావాలని నెమ్మదిగా నడిపి టైర్లు కాపాడుకోవాల్సి వచ్చింది. ఆ రోజు ముందున్న కారు 54 సార్లు మారింది. చూడటానికి గొప్ప రేసు. కొలవడానికి మాత్రం అందులో ఒక్క ల్యాపూ పనికిరాదు.

ఇప్పటివరకు: 6 గంటలు, 0 డాలర్లు, 9 వరుసల్లో 4 మిగిలాయి.

దశ 2: పొడవు

మా ట్రాక్ పొడవు 0.4 మైలు అని ప్రకటిస్తారు. అంటే 2,112 అడుగులు. ఉపగ్రహ చిత్రం మీద కొలిస్తే నాకు మొదటిసారి 1,990 వచ్చింది, రెండోసారి 2,070. తప్పు సాఫ్ట్‌వేర్‌ది అనుకుని మూడో సాధనం వెతకడం మొదలుపెట్టాను.

ఆ వారం మా నాన్న గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. నీటిపారుదల శాఖలో కొలత గొలుసు పట్టి కాలువల సర్వే చేసి రిటైరైన మనిషి. నా పక్కన కూర్చుని తెర మీద బొమ్మ చూసి అడిగారు.

"ఒరే, గొలుసు ఎక్కడ పట్టుకున్నావు?"

"అంటే ఏమిటి నాన్నా?"

"కాలువ వంపు తిరిగే చోట ఎడమ గట్టు మీద కొలిస్తే ఒక పొడవు, కుడి గట్టు మీద కొలిస్తే ఇంకో పొడవు. మేం మధ్య గీత మీద పట్టుకునేవాళ్లం. నువ్వు ఒకసారి లోపలి అంచున, ఇంకోసారి రోడ్డు మధ్యలో పట్టుకున్నావు. అది తేల్చకుండా లెక్క ఎలా మొదలుపెట్టావు?"

ఆయన చెప్పింది కాగితం మీద పెడితే ఇలా ఉంటుంది. ఓవల్ మీద గీతను ఒక్క అడుగు బయటికి జరిపితే చుట్టుకొలత 6.28 అడుగులు పెరుగుతుంది. ట్రాక్ చిన్నదైనా పెద్దదైనా అదే 6.28. తిన్నని దారుల పొడవు మారదు, రెండు మలుపులు కలిస్తే ఒక పూర్తి వృత్తం, ఆ వృత్తం వ్యాసార్ధం ఒక అడుగు పెరిగింది, అంతే. కాబట్టి పది అడుగుల తేడా అంటే 62.8 అడుగులు. మైలు ట్రాక్ మీద అది 1.2 శాతం. అర మైలు మీద 2.4 శాతం. బౌమన్ గ్రే లాంటి పావు మైలు మీద 4.8 శాతం. ట్రాక్ చిన్నదయ్యేకొద్దీ ప్రకటించిన వేగం మీద నమ్మకం తగ్గాలి. బౌమన్ గ్రే వరుస తీసేసింది ఇందుకే.

ఇది కేవలం మా ట్రాక్ సమస్య కాదు. నాస్‌కార్ మాజీ డ్రైవర్ రస్టీ వాలెస్ రూపకల్పనలో కట్టి 2006లో తెరిచిన అయోవా స్పీడ్‌వే పొడవును నాస్‌కార్ 0.875 మైలుగా రాస్తుంది, వేరే రకం రేసు కార్ల పోటీలు నడిపే ఇండీకార్ 0.894గా రాస్తుంది. అదే తారు, అదే గోడ. తేడా 2.2 శాతం. ఒక లెక్క ప్రకారం గంటకు 140 మైళ్లు వెళ్లిన కారు రెండో లెక్క ప్రకారం 143 వెళ్లినట్టు.

ఇక అసలు కొలత. ట్రాక్ నడిపేవారిని అడిగి ఆదివారం ఉదయం, ట్రాక్ ఖాళీగా ఉన్నప్పుడు, నాన్నా నేనూ వెళ్లాం. మలుపు వ్యాసార్ధం కనుక్కోవడానికి వృత్తం మధ్య బిందువు అక్కర్లేదు. బడిలో చదివిన జ్యా, శరం చాలు.

1. లోపలి తెల్ల గీత మీద రెండు చోట్ల సుద్దముక్కతో గుర్తు పెట్టి వాటి మధ్య తాడు లాగి పట్టుకోవాలి. ఇది జ్యా.
2. తాడు మధ్య బిందువు నుంచి తెల్ల గీత వరకు లంబంగా కొలవాలి. ఇది శరం.
3. జ్యా వర్గాన్ని ఎనిమిది శరాలతో భాగించి, దానికి శరంలో సగం కలిపితే వ్యాసార్ధం.

మొదట 100 అడుగుల జ్యా పట్టాం. శరం 7 అడుగుల మూడున్నర అంగుళాలు, వ్యాసార్ధం 175. రెండోసారి శరం ఒక అంగుళం తక్కువ వచ్చింది, వ్యాసార్ధం 177 అయింది. ఒక అంగుళానికి రెండు అడుగులు మారితే ఆ కొలతను నమ్మలేం. నాన్న తాడు పొడవు పెంచమన్నారు. 200 అడుగుల జ్యాకు శరం 31 అడుగుల 5 అంగుళాలు వచ్చింది. ఇక్కడ అంగుళం తప్పినా వ్యాసార్ధం మారేది అయిదు అంగుళాల లోపే. మూడు సార్లు తీస్తే మూడు సార్లూ 175కు అటూ ఇటూ అర అడుగులోపే ఉంది. జ్యా ఎంత పెద్దదైతే అంత మంచిది. 100 అడుగుల టేపుతో ఈ పని మొదలుపెట్టకండి.

తిన్నని దారి ఒక్కొక్కటి 430 అడుగులు. రోడ్డు వెడల్పు 50. ఇప్పుడు చుట్టుకొలతలు:

లోపలి అంచు వెంట: 1,960 అడుగులు, 0.371 మైలు.
లోపలి అంచు నుంచి 15 అడుగుల దూరాన: 2,054 అడుగులు, 0.389 మైలు.
ప్రకటించిన 2,112 అడుగులు ఎక్కడ పడతాయి? లోపలి అంచు నుంచి 24 అడుగుల దూరాన, దాదాపు రోడ్డు నడుమ.

ఆ అంకె తప్పు కాదన్నమాట. ఎవరో నడి గీత మీద గొలుసు పట్టుకున్నారు. మా నాన్న కాలువ మీద పట్టుకున్నట్టే. ఈ సంగతి తేలినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన తృప్తి నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో దక్కిన గొప్ప ఫలితం.

లేట్ మోడల్ కారు ఒక ల్యాప్ 15.62 సెకన్లలో తిరిగిందనుకోండి. ప్రకటించిన పొడవుతో గంటకు 92.2 మైళ్లు. 15 అడుగుల గీతతో 89.7. లోపలి అంచుతో 85.5. ఒకే కారు, ఒకే ల్యాప్, మూడు వేగాలు. పట్టికలో ఇక నుంచి వేగం పక్కన గీత ఏదో రాయని అంకెను ఉంచను. నేను 15 అడుగుల గీతను ఎంచుకున్నాను. కార్లు మలుపులోకి వెడల్పుగా వచ్చి, నడుమ కిందికి దిగి, మళ్లీ వెడల్పుగా బయటికి పోతాయి. ఆ దారికి సగటుగా ఇది దగ్గర.

ఇప్పటివరకు: 15 గంటలు, 34 డాలర్లు (200 అడుగుల ఫైబర్ టేపు), ఒక్క వ్యాసార్ధానికి అయిదు కొలతలు.

దశ 3: గడియారం

ఎక్కువ సమయం ఇక్కడే పోయింది, అందుకే వివరంగా రాస్తాను.

మొదటి రాత్రి. స్టాప్‌వాచ్‌తో కూర్చున్నాను. 15 కార్లు, ఒక్కోటి రెండు క్వాలిఫైయింగ్ ల్యాపులు, మొత్తం 30. తర్వాత ట్రాన్స్‌పాండర్ (కారు గీత దాటగానే సమయం నమోదయ్యేలా కారులో అమర్చే పరికరం) నుంచి వచ్చిన అధికారిక కాగితంతో సరిచూశాను. 30 ల్యాపుల్లో 19 చోట్ల నా అంకె పదో వంతు సెకనుకు పైగా తప్పింది. అతి పెద్ద తప్పు 0.31 సెకను. గంటకు తొంభై మైళ్లంటే సెకనుకు 132 అడుగులు, పదో వంతు సెకనుకు 13 అడుగులు. పైనున్న ఎనిమిది కార్ల మధ్య తేడా మొత్తం 0.24 సెకను. అధికారిక కాగితంలో రెండో స్థానంలో ఉన్న కారు నా కాగితంలో ఆరోది. 30 ల్యాపులూ పారేశాను.

ల్యాప్ సమయాలకు అధికారిక కాగితమే చాలు, అది వెయ్యో వంతు సెకను దాకా చెబుతుంది. కానీ మలుపులో ఎంతసేపు, తిన్నని దారిలో ఎంతసేపు అన్నది ఆ కాగితం చెప్పదు. నాకు కావలసింది అది. కాబట్టి వీడియో తప్పనిసరి.

రెండో రాత్రి. రెండు ఫోన్లు, ఒకటి నాది, ఒకటి మిత్రుడిది. (ఓవల్‌లో ఒక్కో కొస మలుపును రెండుగా లెక్కపెడతారు: ఒక కొస మలుపు 1, 2, రెండో కొస మలుపు 3, 4.) నాది ముందు వైపు తిన్నని దారిని, మలుపు 1 మొదలును, మలుపు 4 చివరను చూస్తుంది. మిత్రుడిది వెనక వైపు, మలుపు 2 చివరను, మలుపు 3 మొదలును చూస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు పెట్టాం. 12 కార్లు, 24 ల్యాపులు. ఇక్కడ రెండు దెబ్బలు తగిలాయి.

మొదటి దెబ్బ వెలుతురుది. ఇంటికి వచ్చి ఫ్రేములు లెక్కపెట్టి అరవైతో భాగించాను. మొదటి అయిదు కార్లకు సరిగ్గానే వచ్చింది. పొద్దు గుంకాక వచ్చిన ఒక కారుకు ల్యాప్ 12.4 సెకన్లని వచ్చింది. అధికారిక కాగితంలో అదే ల్యాప్ 15.8. ఆ ట్రాక్ మీద పన్నెండు సెకన్లలో ఏ కారూ తిరగదు. ఫైలు వివరాలు తెరిచి చూస్తే తెలిసింది: చీకటి పడుతుంటే ఫోన్ తనంతట తానే ఫ్రేములు తగ్గించేసింది, ఆ ముక్కలో సగటున సెకనుకు 47. పైన 60 అని రాసి ఉన్నా లోపల ఉన్నది 47. ఏడు కార్ల 14 ల్యాపులు ఇలా పోయాయి.

రెండో దెబ్బ శబ్దానిది. రెండు ఫోన్ల గడియారాలు కలపడానికి, ముందు వైపు మోగించిన హారన్ శబ్దాన్ని రెండు వీడియోల్లోనూ వెతికి, ఆ క్షణాన్ని సున్నాగా పెట్టాను. మిగిలిన 10 ల్యాపుల్లో మలుపు 1, 2 కలిపి సగటున 4.74 సెకన్లు, మలుపు 3, 4 కలిపి 5.46 సెకన్లు వచ్చాయి. ఒక కొసన వేగంగా, రెండో కొసన నెమ్మదిగా పోతున్నట్టు కనిపించింది. రెండు కొసలూ మేం టేపుతో కొలిచినవే, ఒకేలా ఉన్నాయి. మూడు రోజులు కార్ల సెట్టింగుల్లో, గాలి దిశలో కారణాలు వెతికాను. కారణం వేరే. నా ఫోన్ హారన్ పక్కనే ఉంది. మిత్రుడి ఫోన్ నాలుగు వందల అడుగుల అవతల ఉంది. శబ్దం సెకనుకు సుమారు 1,125 అడుగులు పోతుంది. అక్కడికి చేరడానికి 0.36 సెకను పట్టింది. దాన్ని సున్నా అనుకోవడంతో రెండో ఫోన్ గడియారం 0.36 వెనకబడింది, ఒక కొసన 0.36 తగ్గింది, రెండో కొసన 0.36 పెరిగింది. 4.74కు 0.36 కలిపితే 5.10. 5.46 నుంచి 0.36 తీస్తే 5.10. కొసలు రెండూ సమానమే.

కొలతలో రెండు వైపులా సమానంగా ఉండాల్సినవి అసమానంగా వస్తే ముందు గడియారాన్ని అనుమానించండి.

మధ్యలో ఇంకో దారి కూడా పట్టి వదిలేశాను. కారు దగ్గరికి వస్తున్నప్పుడు ఇంజన్ స్వరం హెచ్చుగా, దూరమవుతున్నప్పుడు తగ్గి వినిపిస్తుంది కదా, ఆ తేడాతో వేగం లెక్కకట్టవచ్చు. రైలుకైతే బాగా పనిచేస్తుంది. ఇక్కడ తిన్నని దారి మొదట్లో ఇంజన్ చుట్లు పెరుగుతూ ఉంటాయి, చివర్లో డ్రైవర్ కాలు తీస్తాడు. స్వరం మారింది కారు కదలిక వల్లా, కాలు వల్లా అన్నది విడదీయలేకపోయాను.

మూడో రాత్రికి మార్చినవి:

1. వేసవి మొదట్లో, పొద్దు గుంకక ముందే క్వాలిఫైయింగ్ ముగిసే శనివారం ఎంచుకున్నాం.
2. సెకనుకు 240 ఫ్రేములు, షట్టర్ వేగం చేత్తో బిగించి. తిన్నని దారిలో కారు ఒక ఫ్రేముకు ఎనిమిది అంగుళాలు కదులుతుంది. అరవై ఫ్రేములైతే రెండున్నర అడుగులు.
3. ఫ్రేములు లెక్కపెట్టడం మానేసి, ప్రతి ఫ్రేముకు ఫైలులో ఉండే సమయ ముద్రను చదివాను.
4. మొదలులోనూ చివరలోనూ రెండు ఫోన్లను పక్కపక్కన పెట్టి ఒకే డిజిటల్ గడియారాన్ని తీశాం. రాత్రంతా కలిపి రెండు ఫోన్ల మధ్య జారింది 0.02 సెకను.
5. గుర్తుగా తీసుకున్న స్తంభానికి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాం. పక్కకు కూర్చుంటే పూర్తి ల్యాప్ సమయం చెడదు, ఎందుకంటే తప్పు రెండుసార్లూ ఒకేలా వచ్చి కొట్టుకుపోతుంది. ముక్కల సమయాలు మాత్రం చెడతాయి.

11 కార్లు, 22 ల్యాపులు. అన్నీ నిలిచాయి. ముక్కలన్నీ కూడితే అధికారిక ల్యాప్ సమయానికి 0.03 సెకనులోపు వచ్చాయి.

ఇప్పటివరకు: 26 గంటలు, 92 డాలర్లు (టేపు 34, ట్రైపాడ్ 28, రెండు రాత్రుల టికెట్లు 30). మూడో రాత్రి టికెట్టు తర్వాతి దశలో కలుపుతాను. చూసిన ల్యాపులు 76, నిలిచినవి 32.

దశ 4: మలుపు

15.62 సెకన్ల ల్యాప్‌ను విడదీస్తే: ఒక్కో మలుపు కొస 5.10 సెకన్లు, ఒక్కో తిన్నని దారి 2.71 సెకన్లు. తిన్నని దారిలో సగటు గంటకు 108 మైళ్లు, మలుపులో 80. ల్యాప్‌లో దాదాపు మూడింట రెండు వంతుల సమయం మలుపుల్లోనే గడుస్తోంది. చిన్న ట్రాకులను పోల్చడమంటే మలుపులను పోల్చడమే.

మలుపులో రోడ్డు బయటి అంచు ఎత్తుగా, లోపలి అంచు పల్లంగా ఉంటుంది. ఆ వాలు కొలవాలి. ఫోన్‌ను తారు మీద పెడితే ఒకచోట 7 డిగ్రీలు, జానెడు పక్కన 13. కంకర గరుకుదనం మీద ఫోన్ ఊగుతోంది. తాపీ పని చేసేవారు వాడే నాలుగు అడుగుల రసమట్టం అరువు తెచ్చి దాని మీద ఫోన్ పెట్టాక 10.8, 11.0, 11.2 వచ్చాయి. 11 తీసుకున్నాను.

వాలు, వ్యాసార్ధం తెలిస్తే మలుపులో వేగానికి హద్దు చెప్పవచ్చు. టైరు పట్టు, అంటే ఘర్షణ గుణకం, 1 అనుకుంటే సూత్రం సులువు: వేగం వర్గం = గురుత్వ త్వరణం × వ్యాసార్ధం × ట్యాన్ (వాలు + 45 డిగ్రీలు). వ్యాసార్ధం 190 (175కు 15 కలిపి), వాలు 11. వచ్చిన వేగం గంటకు 65 మైళ్లు. నేను కొలిచిన సగటు 80.

ఇంత తేడా ఎందుకు? మొదటి కారణం నా పోలికలోనే ఉంది. సూత్రం చెప్పేది మలుపు నడుమ హద్దు వేగం, నేను కొలిచింది మలుపంతటి సగటు. అందుకని గోడ మీది రంగు గుర్తులు చూసి మలుపును 199 అడుగుల చొప్పున మూడు ముక్కలు చేశాను. లోపలికి వచ్చే ముక్క 1.58 సెకన్లు, నడుమ 1.90, బయటికి పోయేది 1.62. నడుమ వేగం గంటకు 71.4 మైళ్లు. ఇప్పుడు వెనక్కి లెక్క కడితే పట్టు 1.19. కార్లు నిజంగా నడిచే దారి వ్యాసార్ధం 190 కాదు 210 అనుకుంటే 1.09. మెత్తటి రేసు టైర్లకు ఈ అంకెలు నమ్మదగినవే. కానీ వ్యాసార్ధంలో ఇరవై అడుగుల అనిశ్చితి పట్టును ఇంత కదిలిస్తుంది కాబట్టి, పట్టుకు రెండో దశాంశం రాయడం మానేశాను. పట్టికలో "1.1 నుంచి 1.2" అని ఉంది.

ఇప్పటివరకు: 34 గంటలు, 107 డాలర్లు.

దశ 5: మళ్లీ బ్రిస్టల్, మార్టిన్స్‌విల్

మొదటి పట్టికను కూల్చిన జంట దగ్గరికి ఇప్పుడు తిరిగి వచ్చాను.

మార్టిన్స్‌విల్ తిన్నని దారులు 800 అడుగులు చొప్పున. 0.526 మైలు అంటే 2,777 అడుగులు. 1,600 తీసేస్తే రెండు మలుపులకు 1,177. వ్యాసార్ధం 187 అడుగులు. మలుపు వాలు 12 డిగ్రీలు. బ్రిస్టల్ తిన్నని దారులు 650 చొప్పున. 2,814 నుంచి 1,300 తీసేస్తే 1,514. వ్యాసార్ధం 241 అడుగులు. వాలు లోపలి నుంచి బయటికి 24 నుంచి 28 డిగ్రీలు, నేను 26 తీసుకున్నాను.

అదే సూత్రం, అదే పట్టు 1. మార్టిన్స్‌విల్ మలుపులో 66 మైళ్లు, బ్రిస్టల్ మలుపులో 102. ఒకటిన్నర రెట్లకు కొంచెం పైన. అందులో వ్యాసార్ధం వల్ల వచ్చింది 1.14 రెట్లు, వాలు వల్ల వచ్చింది 1.37 రెట్లు. మార్టిన్స్‌విల్‌కు తిన్నని దారి ఎక్కువ, 57.6 శాతం. బ్రిస్టల్‌కు 46.2 శాతమే. అయినా పొడుగైన తిన్నని దారి మార్టిన్స్‌విల్‌ను ఆదుకోదు, ఎందుకంటే ప్రతి 800 అడుగుల చివరా కారు బ్రేకుల మీద నిలబడాలి. బ్రిస్టల్‌లో డ్రైవర్ ఆ వేగాన్ని మలుపులోకే మోసుకుపోతాడు. మార్టిన్స్‌విల్ రేసులో బ్రేకు డిస్కులు ఎర్రగా కాలుతూ కనిపించడం ఎందుకో ఈ రెండు అంకెలు చూశాక నాకు కళ్లకు కట్టినట్టు తెలిసింది.

రెండు జాగ్రత్తలు. ఈ 66, 102 కప్ కార్ల అసలు వేగాలు కావు. పట్టును ఒకటిగా పట్టుకుని ట్రాకుల ఆకారాన్ని మాత్రమే పోల్చిన అంకెలు. బ్రిస్టల్ 1992 నుంచి మొత్తం కాంక్రీటు, మార్టిన్స్‌విల్ మలుపులు కాంక్రీటు, తిన్నని దారులు తారు. మలుపులు రెండుచోట్లా కాంక్రీటే కావడం ఈ జంటకు కలిసి వచ్చింది. మలుపు తారు అయిన ట్రాక్‌ను వీటి పక్కన పెడితే పట్టు ఒకటే అన్న ఊహ బలహీనపడుతుంది.

వాలు ఒక్కటే మారితే మలుపు వేగం చదును మలుపుతో పోలిస్తే ఎన్ని రెట్లో, పట్టు 1తో:

0 డిగ్రీలు (బౌమన్ గ్రే): 1.00
11 (మా ట్రాక్): 1.22
12 (మార్టిన్స్‌విల్): 1.24
14 (రిచ్‌మండ్): 1.29
18 (నాష్‌విల్ ఫెయిర్‌గ్రౌండ్స్): 1.40
26 (బ్రిస్టల్): 1.70
37 (వించెస్టర్): 2.67

చివరి వరుస దగ్గర ఆగాను. వించెస్టర్ అర మైలు ట్రాక్, ఇండియానాలో ఉంది. అక్కడ మలుపు వ్యాసార్ధం 200 అడుగులు అనుకున్నా సూత్రం మలుపులోనే గంటకు 146 మైళ్లు పోవచ్చంటుంది. అర మైలు ట్రాక్ మీద స్టాక్ కారు మలుపులోనే అంత వేగాన్ని అందుకుంటుందని నేను నమ్మను. బహుశా అక్కడ హద్దు గీసేది టైరు పట్టు కాదు, ఇంజను, రోడ్డు గతుకులు, ఆ వాలు మీద బరువు నొక్కే సస్పెన్షన్. అందువల్ల 30 డిగ్రీలు దాటిన ట్రాకులకు ఈ సూత్రం వాడటం మానేశాను. వించెస్టర్‌ను పై రెట్ల జాబితాలో ఉంచింది సూత్రం ఎక్కడ చెల్లదో చూపడానికే.

అసలు పట్టికలో ఇప్పుడున్న నిలువు వరుసలు ఇవి: ల్యాప్ సమయం, ఏ గీత వెంట పొడవు, ఆ గీత ప్రకారం వేగం, లోపలి వ్యాసార్ధం, వాలు, మలుపు నడుమ వేగం, కారు తరగతి, ఏడు, ఉపరితలం. "అత్యధిక వేగం" అన్న వరుస తీసేశాను.

దశ 6: రెండో ట్రాక్

ఒకే తరగతి కార్లను రెండు ట్రాకుల మీద కొలిస్తే తప్ప పట్టు అంకెను నమ్మలేను. మా లేట్ మోడల్ కార్లలో కొన్ని వేరే శనివారాల్లో ఇంకో ట్రాక్ మీద కూడా తిరుగుతాయి. అక్కడివారు ఆదివారం ఉదయం గంటసేపు ట్రాక్ మీదికి రానిచ్చారు. నాన్న తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు ఇద్దరం వెళ్లాం. ఈసారి తాడు కొస ఆయనే పట్టుకున్నారు, లోపలి తెల్ల గీత మీద.

200 అడుగుల జ్యాకు శరం 27 అడుగుల 2 అంగుళాలు. వ్యాసార్ధం 197.6 అడుగులు. వాలు, తిన్నని దారుల పొడవు కొలిచేలోపు వాన వచ్చింది. కాగితం మీద ఆ వరుసలో ఇంకా ఏడు గళ్లు ఖాళీగా ఉన్నాయి.

ఇప్పటివరకు: 37 గంటలు, 107 డాలర్లు, నిలిచిన ల్యాపులు 32, ట్రాకులు ఒకటి పూర్తి, ఒకటి సగం.